మార్చి పేజీలో జీతాలు లేవు: ఒక రిటైర్డ్ డైరెక్టరు స్మృతి సంచిక తయారైన తీరు

కుటుంబం నెల్లూరు జిల్లాది, రెండు తరాలుగా చెన్నైలో ఉంటోంది. ఇంటి పెద్దాయన గిండీ ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ చదివారు. 1964లో మొదలైన అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటుకు తొలినాళ్లలోనే ఒక ఆటో విడిభాగాల కంపెనీ ట్రైనీగా వెళ్లారు. అక్కడే పర్చేజీలో, తరవాత వర్క్స్ మేనేజరుగా పనిచేసి, హోల్‌టైమ్ డైరెక్టరుగా రిటైరయ్యారు. ఎనభై దాటాక పోయారు. సంవత్సరీకం నాటికి ఒక పుస్తకం వేసి బంధువులకు, పాత కంపెనీ వాళ్లకు ఇవ్వాలని పిల్లలు అనుకున్నారు. ఆ పని మాకు అప్పగించారు. అడిగింది 250 కాపీలు, వంద పేజీల పైచిలుకు. చేతిలో ఉన్నది ఏడు నెలలు. కుటుంబం కోరినందువల్ల మనుషుల పేర్లు, కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. పని ఎలా సాగిందో మాత్రం దాచకుండా రాశాం.

మొదటిరోజు ఇంటివాళ్లు ఇచ్చినవి నాలుగు. రెండు పేజీల బయోడేటా, ఫ్రేము కట్టిన రిటైర్మెంటు సన్మానపత్రం, 640 ఫొటోలు, పోయినప్పుడు వాట్సాప్‌లో వచ్చిన నివాళులు. ఈ నాలుగింటితోనే పుస్తకం వేసేయొచ్చు, చాలా స్మృతి సంచికలు అలాగే వస్తాయి. అలా వచ్చిన పుస్తకంలో ఆయన క్రమశిక్షణకు మారుపేరు, నిగర్వి, అజాతశత్రువు అవుతారు. పేరు, ఫొటో మారిస్తే అదే పుస్తకం పక్కింటాయనకూ సరిపోతుంది. అందుకని ముందు చేసే పని ఒకటి ఉంది: ఇంకో డైరెక్టరుకు పనికొచ్చే ప్రతి వాక్యాన్నీ పెన్సిలుతో కొట్టేయడం. ఈ బయోడేటాలో పదకొండు లైన్లు మిగిలాయి. సన్మానపత్రంలో ఒక్కటీ మిగల్లేదు.

కంపెనీ మేనేజరు జీవితంలో రాయాల్సిన సరుకు ఆయన తీసుకున్న నిర్ణయాలే. అవి ఇంటిదాకా రావు, ఇంటివాళ్లకు తెలిసేది ఆయన ఎన్నింటికి ఇల్లు చేరేవారన్నదే. సమానస్థాయి వాళ్లు మర్యాద కొద్దీ మాట్లాడతారు. ఆ నిర్ణయాలు ఎవరిమీద పడ్డాయో వాళ్లకు మాత్రం బాగా గుర్తుంటాయి. స్టెనో, స్టోర్ కీపరు, డ్రైవరు, యూనియన్ సెక్రటరీ, సరుకిచ్చిన చిన్న సప్లయరు అలాంటివాళ్లు. జ్ఞాపకం వాళ్లదగ్గర తీసుకోవాలి, దాన్ని కాగితంతో సరిచూసుకోవాలి. ఈ పనిలో అసలు కష్టమంతా ఈ రెంటి మధ్యే.

తారీఖులు

ఒక పెద్ద షీటు, ఐదు గడులు: ఏడాది, జరిగింది, చెప్పిందెవరు, కాగితం ఉందా, అనుమానం ఏమిటి. మొదటి వరుసలోనే చిక్కు వచ్చింది. బడి చదువు పూర్తయినప్పుడిచ్చే ఎస్.ఎస్.ఎల్.సి. సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టినరోజుకూ జాతకంలో ఉన్నదానికీ పదహారు నెలల తేడా. ఆ తరంలో ఇది మామూలే. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారికి ఏది సౌకర్యమైతే అది రాసేవారు. ఇలాంటప్పుడు ఒకటి నిజం, రెండోది అబద్ధం అని తేల్చేయకూడదు. ఉద్యోగం, రిటైర్మెంటు, పింఛను అన్నీ సర్టిఫికెట్‌నే పట్టుకుని నడిచాయి. షష్టిపూర్తి జాతకాన్ని బట్టి జరిగింది. అందుకే ఇంటి అధ్యాయంలో జాతకం తేదీ, ఉద్యోగం అధ్యాయాల్లో సర్టిఫికెట్ తేదీ వేసి, తేడా ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పాం. ఆ వాక్యం లేకపోతే షష్టిపూర్తికి, రిటైర్మెంటుకు మధ్య లెక్క కుదరక చదివేవాళ్లు పుస్తకాన్నే అనుమానిస్తారు.

పదవుల తేదీలకు చాలామందికి తెలియని మంచి ఆధారం పాత బ్యాలెన్స్ షీట్లు. 1956 కంపెనీల చట్టంలో 217(2ఎ) సెక్షన్ ఉండేది. నిర్ణీత హద్దుకు మించి జీతం తీసుకునే ఉద్యోగుల వివరాలను డైరెక్టర్ల రిపోర్టుకు అనుబంధంగా అచ్చువేయాలని అది చెప్పేది. పేరు, హోదా, జీతం, చదువు, అనుభవం, చేరిన తేదీ, వయసు, అంతకుముందు పనిచేసిన చోటు అన్నీ ఆ పట్టికలో ఉంటాయి. హద్దు మారినప్పుడల్లా మనిషి పట్టికలోకి వస్తుంటాడు, పోతుంటాడు. ఒక ఏడాది పేరు లేదంటే ఉద్యోగం మానేశాడని కాదు. ఆయన జనరల్ మేనేజరైన సంవత్సరం గురించి ఇంట్లో ఒకటి, బయోడేటాలో ఒకటి ఉండగా ఈ పట్టికే తగువు తీర్చింది. బయోడేటాది మూడేళ్లు ముందుంది. కాపీలు దొరికింది కంపెనీలో కాదు. చిన్న వాటాదారుగా ఉన్న పాత సప్లయరు ఇంటి అటకమీద.

నోటిమాటగా చెప్పినవాటికి ఏడాది అడగడం దండగ. ఎవరికీ ఏడాది గుర్తుండదు, గుర్తున్నట్టు చెబితే అదీ అనుమానించాల్సిందే. ఊరందరికీ తెలిసిన సంగతికి ముడిపెట్టి అడగాలి. అణ్ణాదురై పోయిన ఏడాది 1969, మౌంట్ రోడ్డు ఎల్.ఐ.సి. బిల్డింగు తగలబడింది 1975లో, ఇందిర హత్య 1984లో, ఎంజీఆర్ పోయింది 1987 డిసెంబరు 24న, మద్రాసు పేరు చెన్నైగా మారింది 1996లో. "ఇది ఎంజీఆర్ పోకముందా, పోయాకా?" అంటే చెన్నైలో ఆ వయసువాళ్లు తడుముకోకుండా చెబుతారు.

మాటలు రాబట్టడం

పదకొండు మందితో పద్నాలుగు గంటల రికార్డింగు జరిగింది. గంట మాటల్ని కాగితం మీదికి ఎత్తడానికి ఐదారు గంటలు పడుతుంది. తమిళంలో చెప్పినవాటికి తెలుగు చేయడం అదనం. ఏడుగురు తమిళంలోనే మాట్లాడారు. మొదటి అంచనాలో ఈ అదనం వేయకపోవడంతో మూడు వారాలు అక్కడే పోయాయి.

రికార్డింగు ధ్వనిని కుదించకుండా దాచే డబ్ల్యూఏవీ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. చొక్కాకు తగిలించే మైకు ఒకటి, టేబుల్ మీద రెండోది. ఫ్యాను ఆపక తప్పదు, చెన్నైలో ఫ్యాను ఆపితే ఇరవై నిమిషాలకు మించి ఎవరూ కూర్చోలేరు. అందుకని ఉదయం ఏడున్నరకు పెట్టుకోవడం, ఇరవై నిమిషాలకోసారి ఆపి ఫ్యాను వేయడం. నీళ్ల మోటారు ఎప్పుడు వేస్తారో వాచ్‌మన్‌ను ముందే అడగాలి. పెద్దాయన భార్యతో మాట్లాడాల్సిన తేదీలు మాసికాలు చూసుకుని వేశాం. మాసికానికి ముందురోజు, తరవాతిరోజు వద్దు. ఒకరోజు మడి వంటతో, ఇంకోరోజు అలసటతో సరిపోతుంది.

"సారు ఎలాంటివారు?" అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. తెలుగువాళ్లు "దేవుడండీ" అంటారు, తమిళులు "తంగమాన మనుషన్" (బంగారంలాంటి మనిషి) అంటారు. అక్కడితో తలుపు మూసుకుపోతుంది. ఆయన గదిలోకి వెళ్లేముందు ఏం సర్దుకునేవారు? ఫైలు వెనక్కి పంపితే మార్జిన్లో ఏం రాసేవారు, ఏ రంగు సిరాతో? కోపం వచ్చిందని ఎలా తెలిసేది? ఆయన కాదన్నది మీరడిగింది ఏదైనా ఉందా? చివరి ప్రశ్నకే ఎక్కువ సరుకు వచ్చింది. స్టోర్ కీపరు తన తమ్ముడికి ఉద్యోగం అడిగితే ఇవ్వలేదట, దానికి కారణమూ చెప్పలేదట. పదేళ్లయ్యాక ఆ తమ్ముడే సొంతంగా లేతు మిషను పెట్టుకుంటే మొదటి జాబ్ వర్కు ఆర్డరు ఇచ్చారట. ఈ "అట"లు కాగితంతో తీరేవి కావు. అందుకే పుస్తకంలో స్టోర్ కీపరు నోటితోనే ఉంచాం, కథనంలో కలపలేదు.

ఒకటి మాత్రం తప్పే. మొదటి వారంలో పాత ఉద్యోగుల్ని ఆరుగుర్ని ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడించాం. అందులో సీనియరు ఏది చెబితే మిగతావాళ్లకూ అదే గుర్తొచ్చింది. తరవాత ఒక్కొక్కరినీ విడిగా కలిసినా ఆ మాటలే తిరిగి వచ్చాయి. ముందు విడివిడిగా, చివర్లో కావాలంటే అందరినీ కలిపి కాఫీకి పిలవాలి. ఈ వరుస తారుమారు చేస్తే సరిదిద్దడం కుదరదు.

ఫ్యాక్టరీ మూసిన రోజులు

ఇంటివాళ్లు మొదటే ఒక షరతు పెట్టారు. లాకౌటు సంగతి వద్దు. పది రోజుల గొడవ, దాన్నిప్పుడు తవ్వడం ఎందుకన్నారు. కార్మికుల్లో ఎవరినడిగినా మూడు నెలలు అన్నారు. ఎంజీఆర్ పోయాక వచ్చిన పొంగలుకు మూతపడింది అనడంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. అంటే 1988 జనవరి.

యూనియన్ పాత సెక్రటరీ దగ్గర ఒప్పందం కాపీ ఉంది. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఒప్పందాలు రెండు రకాలు ఉండేవి. కార్మిక శాఖ అధికారి సమక్షంలో రాజీ కుదిరితే దాన్ని 12(3) అనేవారు, యాజమాన్యం, యూనియన్ నేరుగా కుదుర్చుకుంటే 18(1). ఇది 12(3). యాజమాన్యం తరఫున చేసిన మొదటి సంతకం ఈయనదే. దాని తేదీని బట్టి లెక్కవేస్తే ఫ్యాక్టరీ మూతపడింది 47 రోజులు. పదీ తప్పే, మూడు నెలలూ తప్పే.

దీనికి రెండో సాక్ష్యం ఇంట్లోనే దొరికింది. పెద్దాయన 31 ఏళ్లపాటు పాకెట్ డైరీలు రాశారు. అన్నీ సప్లయర్లు పంచిపెట్టిన అరచేతి డైరీలే. పెన్సిలుతో, తెలుగులో రాసేవారు, ఇంగ్లీషు మాటలు కూడా తెలుగు లిపిలోనే. రోజుకు రెండు మూడు ముక్కలు: "రాగి 3 టన్నులు మాటాడితిని", "బ్రోచింగు మిషను బేరింగు". 1936 నాటి జీతాల చెల్లింపు చట్టం ప్రకారం వెయ్యిమంది లోపు ఉన్న ఫ్యాక్టరీ ఏడో తారీఖులోగా జీతాలివ్వాల్సి ఉండేది. వర్క్స్ మేనేజరైన నాటినుంచి ప్రతినెలా ఏడో తారీఖు గడిలోనో, దానికి ఒకటి రెండు రోజుల ముందో "జీతాలు ఆయె" అని ఉంటుంది. 1988 ఫిబ్రవరిలో "సగం జీతాలు" అని ఉంది. మార్చిలో ఆ మాటే లేదు. ఏడో గడి ఖాళీ. ఒప్పందం నాటి గడిలో ఉన్నది "పం.అ. పది వాయిదాలు" అన్నంతవరకే. అంటే పండగ అడ్వాన్సు. పొంగలుకు తీసుకున్న అడ్వాన్సును ఒకేసారి కోస్తే జీతం లేని ఇళ్లు మునుగుతాయని, పది వాయిదాల్లో కోసేలా ఆ క్లాజు మార్పించింది ఈయనేనని సెక్రటరీ చెప్పారు. ఆ క్లాజును ఏడుసార్లు టైపు చేయించారని స్టెనో విడిగా చెప్పారు. ఇద్దరూ ఒకరినొకరు చూసి ముప్ఫయ్యేళ్లు దాటింది. ఒప్పందం కాపీలోనూ పది వాయిదాలే ఉన్నాయి.

డైరీ పేజీ, ఒప్పందంలో సంతకాల పేజీ పక్కపక్కన పెట్టి చూపించాక కుటుంబం షరతు సడలించింది. అధ్యాయం ఎనిమిది పేజీలు వచ్చింది. తొమ్మిదిమంది సస్పెండైతే వెనక్కి తీసుకున్నది ఐదుగురినే. ఆ మాటా అందులో ఉంది, దాన్నీ ఆయన సంతకమే ఖాయం చేసింది. మిగిలిన నలుగురి పేర్లు వేయలేదు. వాళ్ల పిల్లలు ఇవాళ అదే ప్రాంతంలో ఉన్నారు.

తీసేసింది కూడా ఒకటుంది. పర్చేజీలో పనిచేసిన, ఇప్పుడు లేని ఒక సహోద్యోగి కమీషన్లు తినేవాడని ఒకరు చెప్పారు. కాగితం లేదు, ఇంకో సాక్షి లేడు. పోయినవాళ్ల మీద రాసినా, వాళ్లు బతికుంటే పరువు పోయేలాంటిదై, ఇంటివాళ్ల మనసు నొప్పించేలా ఉంటే అది పరువునష్టం కిందికి వస్తుందని మన నేరచట్టంలోనే ఉంది. చట్టం సంగతి అటుంచినా, ఒంటినోటి మాటతో ఇంకో ఇంటిని గుచ్చడానికి స్మృతి సంచిక చోటు కాదు. ఉత్తరాల విషయంలోనూ జాగ్రత్త కావాలి. చైర్మన్ రాసిన మెచ్చుకోలు ఉత్తరం కాగితం మన ఇంట్లో ఉన్నా, రాతమీద హక్కు రాసినాయనది, తరవాత ఆయన వారసులది. రాసినాయన పోయినంతమాత్రాన ఆ హక్కు పోదు. వాళ్ల ఇంటినుంచి రెండు లైన్ల అనుమతి తెప్పించి వేశాం.

ఫొటోలు

ఇల్లు కోట్టూరుపురంలో కింది అంతస్తు. 2015 డిసెంబరు వరదలో బీరువా కింది అరలోని ఆల్బములు తడిశాయి, పై అరలో ఉన్న డైరీలు మిగిలాయి. తడిసి ఎండిన ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. లాగితే ముఖం ఊడొస్తుంది. ముందు ఎలా ఉన్నదాన్ని అలాగే స్కాన్ చేసుకోవాలి. పేజీ జిగురుకు అంటుకున్నవైతే పళ్ల సందులు తుడుచుకునే దారాన్ని వెనకనుంచి రంపంలా ఆడిస్తే చాలావరకు వస్తాయి. ముఖానికి ముఖం అంటుకున్నవి అలాగే వదిలేశాం. ఫ్రేము అద్దానికి అంటిన పెళ్లిఫొటోను అద్దంతోనే తీశాం. రెండువైపులా 45 డిగ్రీల్లో లైట్లు, కెమెరా వెనక నల్లగుడ్డ. ఆ గుడ్డ లేకపోతే అద్దంలో తీసేవాడి ప్రతిబింబం పెళ్లికూతురి మీద పడుతుంది.

స్కానింగు లెక్క ఇది. అచ్చులో అంగుళానికి 300 చుక్కలు కావాలి. పోస్టుకార్డు సైజు ప్రింటు 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కలతో స్కాన్ చేస్తే రెట్టింపు సైజులో వేసుకోవచ్చు. పాత ఆగ్ఫా క్లిక్ కెమెరాతో తీసిన రెండుంపావు అంగుళాల చదరపు కాంటాక్టు ప్రింట్లకు అది చాలదు. 1200 పెడితే 2700 చుక్కలొస్తాయి, తొమ్మిది అంగుళాల దాకా లాగొచ్చు. అమెరికానుంచి కొడుకు పంపిన నలభై ఫొటోలు వాట్సాప్‌లో నలిగి వచ్చాయి, మళ్లీ డాక్యుమెంటుగా పంపించుకోవాల్సి వచ్చింది. డెబ్బై, ఎనభైల కలర్ ప్రింట్లు ఎర్రబారి ఉంటాయి. రంగులు ఒక్కొక్కటిగా సరిచేస్తే కొంత తేరుకుంటాయి. ముఖం 'క్లియర్' చేసే యాప్‌లు మాత్రం వాడకూడదు. మసకగా ఉన్న కార్మికుడికి అవి కొత్త కళ్లు, కొత్త పళ్లు పెడతాయి. ఆ ముఖం ఎవరిదో వాళ్లింట్లో కూడా గుర్తుపట్టలేరు.

గ్రూపు ఫొటోల్లో పేర్లకు ఒక పద్ధతి ఉంది. ఏ4 జిరాక్సు తీసి ఒక్కో తలమీద నంబరు వేసి, ముగ్గురికి విడివిడిగా పంపాలి. ముగ్గురి జాబితా కలిస్తేనే పేరు వేయాలి. 640లో చివరికి పుస్తకంలోకి వెళ్లినవి 58.

అచ్చు

భాష దగ్గర కాస్త తర్జనభర్జన జరిగింది. చెన్నై తెలుగిళ్లలో ఇది తప్పదు. కూతురు ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, బడిలో చదివింది తమిళం, తెలుగు అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. మనవలకు అదీ లేదు. చివరికి ప్రధాన పాఠం తెలుగులో ఉంచి, తమిళంలో చెప్పినవాళ్ల మాటలు తమిళంలోనే వేసి కింద తెలుగు ఇచ్చాం, వెనక పన్నెండు పేజీల ఇంగ్లీషు సంగ్రహం పెట్టాం. పేరుకు ముందు 'కీర్తిశేషులు' ముఖపత్రం మీద ఒక్కసారే. లోపలంతా 'ఆయన'. మొదటి ప్రతిలో కూతురి వ్యాసం 'నాయన', కొడుకుది 'డాడీ', బావమరిదిది 'బావగారు', కథనం 'వారు'. వ్యాసాల్లో ఎవరి పిలుపు వారికే ఉంచి, కథనాన్ని మాత్రం ఒకదారికి తెచ్చాం.

తెలుగు పుస్తకాలకు పేరుపడ్డ వావిళ్లవారి ప్రెస్సు నడిచిన ఊళ్లో ఇవాళ తెలుగు కంపోజింగు తెలిసిన డీటీపీ మనిషి దొరకడం గగనం. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు పెట్టేటప్పుడు పేరాగ్రాఫ్ కంపోజర్‌ను వరల్డ్-రెడీకి మార్చకపోతే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. పేజీలు కట్టేముందు "స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, వైశిష్ట్యం" అని ఒక లైను వేసి చూస్తే తెలిసిపోతుంది. బావమరిది వ్యాసం యూనికోడ్ కాని పాత అను ఫాంటులో వచ్చింది. యూనికోడ్‌కు మార్చాక పైకి బాగానే ఉన్నా, మొదటినుంచి ప్రూఫు చూడక తప్పలేదు.

తెలుగు, తమిళ పాఠం 84 పేజీలు, ఇంగ్లీషు 12, మొత్తం 96, అంటే పదహారు పేజీల ఫారాలు ఆరు. వంద జీఎస్ఎం (చదరపు మీటరుకు వంద గ్రాముల) నేచురల్ షేడు మ్యాప్‌లితో కాగితం. ఫొటోలకు విడిగా ఒక ఫారం, 130 జీఎస్ఎం మ్యాట్ ఆర్టు పేపరు. దారంతో కుట్టి అట్టబైండు. 250 కాపీలే కాబట్టి డిజిటల్ ప్రింటింగు. ఐదొందలు దాటితేనే ఆఫ్‌సెట్ ప్లేట్ల ఖర్చు గిడుతుంది.

అసలు దెబ్బ తగలబోయింది తేదీ దగ్గర. ప్రెస్సుకు ఇచ్చిన గడువు ఇంగ్లీషు తారీఖు ప్రకారం లెక్కవేసింది. సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి, అధికమాసం పడని ఏడాది తిథి దాదాపు పదకొండు రోజులు ముందొస్తుంది. పడితే 384 రోజులు, దాదాపు పందొమ్మిది రోజులు వెనక్కి పోతుంది. ఈసారి పడలేదు. పురోహితుడు తేదీ చెప్పేసరికి ఐదో నెల నడుస్తోంది. అట్టబైండు ఆరడానికి, ఒత్తులో ఉంచడానికి మూడు రోజులు వదలాలి, అందులో కోత పెడితే అట్ట వంకరపోతుంది. పాఠం ఆఖరి ప్రూఫులో ఉండగానే ఫొటో ఫారం, అట్ట ముందుగా అచ్చువేయించి నాలుగు రోజులు, అట్టమీద బంగారు అచ్చు మానుకుని మూడు రోజులు మిగిల్చాం. కాపీలు సంవత్సరీకానికి రెండు రోజుల ముందు ఇల్లు చేరాయి.

పంచిన వారంలోపే తప్పులు బయటపడ్డాయి. మూడు తేలాయి. డ్రైవరు ఊరి పేరులో ఒక అక్షరం, ఒక బేరింగు సైజు, క్యాంటీను ఫొటోలో ఎడమనుంచి మూడో మనిషి. మూడోది పద్ధతి ప్రకారం ముగ్గురిని అడిగి వేసిన పేరే. ముగ్గురూ ఆ ఫొటో తీసిన తరవాత కంపెనీలో చేరినవాళ్లని అప్పుడు చూసుకోలేదు. వాళ్లకు తెలిసింది అతని తమ్ముణ్ని, అన్నను కాదు. మిగిలిన 90 కాపీల్లో తప్పొప్పుల చీటీ అంటించాం. పంచేసిన 160కి చీటీని పోస్టులో పంపించాం. క్యాంటీను అన్న ఇంటికి మాత్రం చీటీ అంటించిన కాపీనే ఇచ్చి వచ్చింది పెద్దాయన కూతురు.